ఆవ పెట్టిన చెయ్యి

మాఘం దాటాక గోదావరి జిల్లాల్లో ఏ కూరగాయల బజారుకి వెళ్లినా ఒక మూల టకటకమని కత్తి చప్పుడు వినిపిస్తుంది. పనసపొట్టు కొడుతున్నారన్నమాట. లోపల పిక్క ఇంకా గట్టిపడని లేత కాయ కావాలి. గట్టిపడితే అది ముక్కల కూరకి పోతుంది, పొట్టుకి పనికిరాదు. కత్తికీ అరచేతులకీ నూనె రాసుకుని మొదలుపెడతారు. లేకపోతే కాయలోంచి కారే పాలు జిగురై పట్టుకుంటాయి, సబ్బుకి కూడా లొంగవు. ముళ్ల చెక్కు తీసేసి, కాయను ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని, బరువైన కత్తితో దాని ముఖం మీద వరసగా గాట్లు కొడతారు. ఒకసారి నిలువుగా, కాయ తిప్పి మరోసారి అడ్డంగా. గాట్లు పడ్డ పొరని పలచగా చెక్కితే బియ్యపుగింజ కన్నా కాస్త పొడుగైన పీచులు జలజలా రాలతాయి. మళ్లీ గాట్లు, మళ్లీ చెక్కడం. చెయ్యి తిరిగినవాళ్లు బేరాలాడుతూనే కాయంతా పొట్టు చేసేస్తారు, చూపు మాత్రం కత్తి మీంచి కదలదు.

కూర కుదరడం, కుదరకపోవడం సగం అక్కడే తేలిపోతుంది. పీచు లావైతే పులుపు లోపలికి దిగదు. మరీ మెత్తనైతే ఉడికాక ముద్దయిపోతుంది. ఈమధ్య ముక్కలు మిక్సీలో వేసి తిప్పేస్తున్నారు. తొందరలో తప్పదనుకుంటే కొంచెం కొంచెం వేసి, ఒకటి రెండు తిప్పులు తిప్పి ఆపేయాలి. అంతకు మించితే బ్లేడు పీచుని కొయ్యదు, నలిపేస్తుంది. నలిగిన పొట్టు కూరంతా నీరు చేస్తుంది. కత్తితో కొట్టిన పొట్టుకి ఉన్న పొడిపొడితనం దానికి రాదు.

శాకాహారం ఒంటికి చాలదని, రోజూ వండుకోవడం తలనొప్పి అని, చప్పగా ఉంటుందని ఎవరైనా అన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ కూర. మాంసం లేని భోజనం ఆరోగ్యంగా, హాయిగా సాగాలంటే మనసు బిగబట్టుకోవడం కన్నా చేతిపని ముఖ్యమని నా నమ్మకం. ఏది ఎప్పుడు నానబెట్టాలి, దేని పక్కన ఏది వడ్డించాలి, ఏది పొయ్యి మీద పడాలి, ఏది దించాక పడాలి అన్న తెలివిడే దాన్ని నిలబెడుతుంది. ఆ తెలివిడి మన వంటిళ్లలో కావలసినంత ఉంది.

పొట్టుని పసుపు, ఉప్పు, కాసిని నీళ్లతో ఉడికిస్తారు. మెత్తబడాలి, కానీ వేళ్ల మధ్య నలిపితే ఇంకా పీచుగానే తగలాలి. వార్చి, చల్లారనిచ్చి, గుప్పిళ్లతో గట్టిగా పిండుతారు. చాలామంది చేతిలో ఈ కూర చెడేది ఇక్కడే. పిండడానికి బద్ధకిస్తే పొట్టు పోపులో వేగదు, ఉడుకుతూ కూర్చుంటుంది. తర్వాత బాణలిలో నూనె, నువ్వులనూనె అయితే మరీ మంచిది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు, జీడిపప్పు, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, ఇంగువ. శనగపప్పు వేగడానికి ఎక్కువసేపు పడుతుంది గనక అది ముందు. ఇంగువ మాడితే చేదు గనక అది చివర. ఆపైన చింతపండు గుజ్జు పోసి, పచ్చివాసన పోయేదాకా మగ్గనిచ్చి, పిండిన పొట్టు వేసి కలిపి, కాసేపు వేగనిచ్చి పొయ్యి ఆపేస్తారు. వంట ఇంకా పూర్తవలేదు.

ఇప్పుడు ఆవ పెట్టాలి. నానబెట్టిన ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు వేసి, చన్నీళ్లు చిలకరిస్తూ మెత్తగా నూరిన ముద్ద అది. అందులో చెంచాడు పచ్చినూనె కలిపి, దించిన కూర వేడి తగ్గాక పట్టిస్తారు. డబ్బాలో ఉన్న ఆవాలని వాసన చూడండి, ఏమీ తెలియదు. ఎందుకంటే గింజలో ఘాటు తయారుగా లేదు. ఘాటుకి కావలసిన సరుకు ఒకచోట, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి తడి తగిలినప్పుడే ఆ రెండూ కలుస్తాయి, కొద్ది నిమిషాల్లో ముక్కుపుటాలు అదిరిపోతాయి. సలసలమనే వేడి తగిలితే ఎంజైము పనిచెయ్యదు, అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది, ముద్ద చేదుగా మిగులుతుంది. అందుకే దించాక, వేడి తగ్గాక పెట్టడం. ఇంకో విశేషం, ఇదే ఆవగింజ ఇంతకు ముందు పోపులోనూ పడింది. అక్కడ కాగిన నూనెలో చిటపటలాడి, ఘాటు వదిలేసి, వేయించిన గింజ కమ్మదనం తెచ్చుకుంది. ఒకే గింజ, ఒకే కూరలో రెండుసార్లు, ఒకదానికొకటి పోలిక లేని రెండు రుచులు. ఎంజైము అన్న మాట పుట్టకముందే దీన్ని ఇంత కచ్చితంగా పట్టుకున్న చేతులకి దండం పెట్టాలి.

ఆవ పెట్టాక గంట రెండు గంటలు ఊరితే కూర ఇంకా బావుంటుంది. పొద్దున్న చేసింది మధ్యాహ్నం బంతికి సరిగ్గా అందుకుంటుంది. వందల మందికి వండే పెళ్లివంటవాళ్లకి అది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. మొదటినుంచి చివరిదాకా ఇందులో పాలచుక్క గాని నెయ్యి గాని పడలేదన్నది కూడా గమనించండి. పాలు, నెయ్యి కూడా ముట్టని శాకాహారుల వీగన్ సొసైటీ ఇంగ్లండులో 1944లో పుట్టింది. వాళ్లు కోరిన భోజనంలో నిక్షేపంగా వడ్డించదగ్గ కూర ఇది.

ఈమధ్య అమెరికా, యూరప్ దుకాణాల్లో లేత పనసని మాంసానికి బదులుగా అమ్ముతున్నారు. పీచులుగా విడదీసి, బార్బెక్యూ సాస్ పట్టించి, రొట్టెల మధ్య పెట్టి ఇస్తారు. మాంసం మానాలనుకునేవాళ్లకి అదొక ఆసరా, నాకు అభ్యంతరం లేదు. కానీ రెండు విషయాలు చెప్పాలి. పనసపొట్టు కూర ఇంకో వంటకి నకలుగా పుట్టలేదు, దాని పులుపు, దాని ఘాటు దానివే. రెండోది ఆరోగ్యానికి సంబంధించింది. పీచు చూసి మాంసం అనుకుంటే మోసపోతాం. వంద గ్రాముల లేత పనసలో ప్రొటీన్ రెండు మూడు గ్రాములే. మాంసం తీసేసి ఆ స్థానంలో పనస ఒక్కటే పెట్టుకున్న మనిషి కొన్నాళ్లకి నీరసపడితే తప్పు శాకాహారానిది కాదు, కూర్పుది.

మన విస్తట్లో పనసపొట్టు ఒంటరిగా రాదు. పక్కన ముద్దపప్పు ఉంటుంది. ఇది రెండో పనితనం, మొదటిదాని కన్నా గొప్పదని నేనంటాను. కందిపప్పులో బరువుకి అయిదో వంతు పైగా ప్రొటీనే. అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంది. పప్పులో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు తక్కువ, అన్నం ఆ కొరత తీరుస్తుంది. ఒకే ముద్దలో కలవాలని కూడా లేదు, రోజు మొత్తం మీద రెండూ ఒంట్లో పడితే చాలు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనల్లో ధాన్యం మూడు వంతులకి పప్పు ఒక వంతు ఉండాలని చెప్పింది. రోజుకి 2,000 కేలరీల భోజనమైతే ధాన్యం 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పళ్లు 100, గింజలు 35 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు.

లెక్క వేసి చూద్దాం. 250 గ్రాముల బియ్యంలో సుమారు 20 గ్రాముల ప్రొటీన్. 85 గ్రాముల పప్పులో 18 దాకా. వేరుశనగలు, నువ్వుల వంటి గింజల్లో 7, 8. కూరగాయల్లో మరో 8 వేసుకోవచ్చు. పాలు ముట్టకుండానే 53, 54 గ్రాములు వచ్చింది. 65 కిలోల మగమనిషికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పే రోజు మోతాదు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46. పాలు తాగేవాళ్లకి ఇంకో పది గ్రాములు అదనం. ‘ప్రొటీన్ ఎక్కణ్నుంచి వస్తుంది’ అన్న ప్రశ్నకి జవాబు ఈ నాలుగు కూడికలే. ఇందులో పౌడరు డబ్బాల అవసరం ఎక్కడా రాలేదు.

అయితే ఈ లెక్క పప్పు గట్టిగా ఉంటేనే నిలుస్తుంది. చాలా శాకాహార ఇళ్లలో జరిగేది వేరు. కంచం నిండా తెల్లన్నం, దాని మీద ఒక గరిటె పలచని పప్పు, తర్వాత చారు, ఆపైన మళ్లీ అన్నం. దాన్ని శాకాహారం పేరు మీద సమర్థించడం నాకు చేతకాదు. షుగరు ఉన్న ఇంట్లో అది మరీ ప్రమాదం. బియ్యం కొలిచిన గ్లాసుతోనే పప్పు కూడా కొలవండి, మూడింటికి ఒకటి. నెల తిరిగేసరికి ఇంట్లో కందిపప్పు ఎంత ఖర్చయిందో చూస్తే ఆ ఇంటి శాకాహారం ఎలా ఉందో తెలిసిపోతుంది. పప్పు ఉడికాకే చింతపండు వేయమని పెద్దవాళ్లు చెప్పేదీ ఇందుకే. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు, బద్దలు బద్దలుగా ఉండిపోతుంది, పిల్లలు పక్కకి నెట్టేస్తారు.

ఈ కూర్పు పెళ్లి విస్తట్లోనే ఉందనుకోనక్కర్లేదు. తెలంగాణ మెట్టపొలాల్లో జొన్నలో కంది కలిపి సాళ్లు వేస్తారు. జొన్న ముందు కోతకొస్తుంది, కంది ఆ తర్వాత నెలల తరబడి నిలుస్తుంది, దాని వేళ్లు నేలకి నత్రజని ఇస్తాయి. జొన్నలోనూ లైసిన్ తక్కువే, ఆ లోటు కంది పూడుస్తుంది. పొలంలో పక్కపక్కన పండినవి జొన్నరొట్టె, కందిపప్పుగా కంచంలోనూ పక్కపక్కనే ఉంటాయి. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కంది ఆ నేలదే. జొన్నపిండికి గోధుమపిండి సాగుడు లేదు, అయినా వేడినీళ్లతో కలిపి, అరచేత్తో కొట్టి కొట్టి, అంచు పగలకుండా గుండ్రంగా సాగదీసే చెయ్యి పొట్టు కొట్టే చేతికి ఏ మాత్రం తీసిపోదు.

ఇది ఏ ఒక్క కులం వంటా కాదు. కేంద్రప్రభుత్వం 2014లో జరిపిన నమూనా సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతానికి పైగా మాంసాహారులమని చెప్పారు. అంతమంది ఇళ్లలోనూ వారంలో ఎక్కువ పూటలు పప్పు, పులుసు, పచ్చళ్ల మీదే నడుస్తాయి. కనుక మాంసం మానాలనుకున్న తెలుగువాడు కొత్త వంట నేర్చుకోనక్కర్లేదు. ఇంట్లో ఉన్నదాన్నే ఇంకాస్త శ్రద్ధగా చేసుకుంటే చాలు. మానని వాళ్లని తక్కువ చేసి చూడడం కూడా నాకు నచ్చదు. ఒకరి కంచాన్ని ఈసడించుకుని రెండోవాళ్ల కంచానికి గౌరవం తేలేం.

లోట్ల సంగతి దాచకూడదు. బి12 విటమిన్‌ని తయారు చేసేది సూక్ష్మజీవులు. మొక్కల్లో నమ్ముకోదగ్గంత ఉండదు. పాలు, పెరుగు బాగా తీసుకునేవాళ్లకి కొంత అందుతుంది, వీగన్లకి అందదు. కావలసింది రోజుకి రెండు మైక్రోగ్రాముల పైచిలుకే, అయినా అది లేకపోతే రక్తహీనత, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. వీగన్ అయితే మాత్ర వేసుకోవాల్సిందే, పాలు తాగే శాకాహారి ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది. ఆకుకూరలే మందు అంటూ దీన్ని తోసిపుచ్చేవాళ్లు శాకాహారానికి మేలు చెయ్యడం లేదు. ఇంగ్లండులో ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 48 వేల మందిని 18 ఏళ్లు గమనించి 2019లో ఫలితాలు చెప్పింది. మాంసం తినేవాళ్లతో పోలిస్తే శాకాహారుల్లో గుండెరక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ. రెండో దానికి బి12 కొరత కూడా కారణం కావచ్చని ఆ పరిశోధకులే అనుమానించారు. సరిగా కూర్చుకున్న శాకాహారం, వీగన్ భోజనం ఆరోగ్యకరమేనని అమెరికా పోషకాహార నిపుణుల సంఘం 2016లో ప్రకటించింది. ‘సరిగా కూర్చుకున్న’ అన్న షరతు వాళ్లు ఊరికే పెట్టలేదు. గర్భిణులు, చంటిపిల్లలు ఉన్న ఇళ్లలో ఆ కూర్పు డాక్టరు సలహాతోనే జరగాలి.

ఇనుము విషయంలో మన వంట మళ్లీ ఆదుకుంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము తేలిగ్గా ఒంటబట్టదు. దానికి విటమిన్ సి తోడు కావాలి. ఆ విటమిన్ వేడికి పోతుంది. నిమ్మకాయ పులిహోరలో నిమ్మరసం పోపు దించాక పిండడం చూడండి, ఆవ పెట్టడంలో ఉన్న క్రమశిక్షణే ఇక్కడా ఉంది. పప్పన్నంలో నాలుగు నిమ్మచుక్కలు, పక్కన ఉసిరి పచ్చడి, కాసిని పచ్చి ఉల్లిముక్కలు అలవాటు చేసుకుంటే చాలు. భోజనం అవగానే టీ తాగడం మానేయాలి, అందులోని టానిన్లు ఇనుముని పట్టేస్తాయి. ఉప్పు అయొడైజ్డ్ ఉప్పే వాడాలి. సైంధవలవణం మీద మోజుతో అయోడిన్ పోగొట్టుకుంటున్న ఇళ్లు పెరుగుతున్నాయి.

పాలు మానినవాళ్లకి కాల్షియం రాగుల్లో ఉంది. వంద గ్రాములకి 300 మిల్లీగ్రాములకు పైనే, పాలలో 120 దగ్గర ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ, అయితే గింజ గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది, వేయించి పొడి కొట్టాలి. నువ్వుల పొడి కలిపిన పచ్చిపులుసు తెలంగాణ ఇళ్లలో మామూలే. చేపల్లో దొరికే ఒమేగా-3 కొవ్వులకి కొంతవరకు అవిసెగింజల పొడి బదులు. తెలుగువాడికి అన్నిటికన్నా కష్టమైంది పెరుగన్నం వదులుకోవడం, అది నేను ఒప్పుకుంటాను. వేరుశనగ పాలు కాచి తోడు పెట్టి వీగన్లు పెరుగు చేసుకుంటున్నారు. గేదెపెరుగు రుచి రాదు, కానీ మజ్జిగ చేసి అల్లం, కరివేపాకు, ఉప్పు వేస్తే ఎండాకాలం హాయిగా తాగొచ్చు.

ఇక కష్టం సంగతి. రోజూ ఇంత ఎవరు చేస్తారు అంటారు. పనసపొట్టు రోజూ ఎవరూ చెయ్యరు. రోజూ మనల్ని ఆదుకునేవి పొడులు. ఆదివారం అరగంట కూర్చుంటే కందిపొడి, నువ్వులపొడి, అవిసెపొడి మూడూ అయిపోతాయి. కందిపొడికి కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు విడివిడిగా వేయించాలి, ఎందుకంటే పెసరపప్పు ఎర్రబడేసరికి శనగపప్పు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మంట చిన్నది. రంగు చూసి కాదు, వాసన చూసి దించాలి. పూర్తిగా చల్లారాకే ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పుతో పొడి కొట్టాలి. వేడిగా కొడితే ఆవిరి పట్టి ఉండకడుతుంది. కాస్త బరకగా ఆపాలి. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రాత్రి వేడన్నంలో రెండు చెంచాల కందిపొడి, నువ్వులనూనె, పక్కన పచ్చిపులుసు ఉంటే పది నిమిషాల్లో సరైన భోజనం. రాత్రి నానేసిన పెసలు పొద్దున్న అల్లం, పచ్చిమిర్చితో రుబ్బితే పెసరట్టు. పులియబెట్టే పని కూడా లేదు.

బయటిదేశాల్లో ఉన్న పిల్లలు పనసపొట్టు ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు. ఏషియన్ దుకాణాల్లో లేత పనస ముక్కల డబ్బాలు ఉంటాయి. ఉప్పునీళ్లలో నిలవ చేసినవి తీసుకోవాలి, పంచదార పాకంలో ఉన్నవి పండు ముక్కలు, కూరకి పనికిరావు. రెండు మూడుసార్లు కడిగి, గట్టిగా పిండి, కత్తితో సన్నగా కొట్టుకుంటే మన పొట్టుకి దగ్గరగా వస్తుంది. అప్పటికే ఉడికి ఉంటుంది గనక మళ్లీ ఉడికించొద్దు, తిన్నగా పోపులో వెయ్యండి. ఉప్పు చివర్న రుచి చూసి వేసుకోండి. అక్కడి సూపర్‌మార్కెట్లలో ఎక్కువగా దొరికే పసుపు రంగు ఆవాలకి ముక్కుకెక్కే ఘాటు తక్కువ. ఆవ ముద్దకి మాత్రం ఇండియన్ కొట్లో చిన్న నల్ల ఆవాలే అడిగి తీసుకోండి.